పక్కవాళ్ల క్లిప్‌తో మన వీడియో: నెల్లూరు, ఒంగోలు ఛానళ్లకు ఏ దారి మేలు?

నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరిగే రోజుల్లో ఫేస్‌బుక్ తెరిస్తే ఒకే డ్రోన్ షాట్ పది పేజీల్లో కనిపిస్తుంది. అదే స్వర్ణాల చెరువు, అదే జనం, మూలన మాత్రం ఎవరి లోగో వాళ్లది. ఒంగోలు వైపు ఎద్దుల బండలాగుడు పోటీలు జరిగినా అంతే. తీసింది ఒకరు, పెట్టుకున్నది పాతికమంది. పెట్టుకున్నవాళ్లలో చాలామందికి తప్పు చేస్తున్నామన్న ఆలోచన కూడా ఉండదు. వాట్సాప్‌లో వచ్చింది, బాగుంది, పెట్టేశారు. సరదాకి నడిపే పేజీ అయితే అలాగే కొంతకాలం నడుస్తుంది. దాని మీద నాలుగు రూపాయలు సంపాదించాలనుకున్న రోజు నుంచి అసలు ఇబ్బంది మొదలవుతుంది.

ఎడిటింగ్ పని మీద నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు ముందుగా అడిగేది, "అన్నా, ఎన్ని సెకన్లు వాడుకుంటే ఏం కాదు?" అని. ఏడు సెకన్లని ఒకరు, ముప్పై అని ఇంకొకరు ఎక్కడో విని వస్తారు. అలాంటి అంకె మన కాపీరైట్ చట్టంలో లేదు. 2024 నవంబరులో నయనతార డాక్యుమెంటరీ మీద జరిగిన గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. తను నిర్మించిన సినిమాకు సంబంధించిన మూడు సెకన్ల క్లిప్‌కు ధనుష్ వైపు నుంచి 10 కోట్ల రూపాయలు అడుగుతూ నోటీసు వచ్చిందని ఆమె బహిరంగ లేఖలో రాశారు. అందులో ఎవరిది న్యాయమో తేల్చడం నా పని కాదు. మూడు సెకన్లకైనా నోటీసు రావచ్చన్నది మాత్రం అక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

కాబట్టి సెకన్ల లెక్క పక్కన పెట్టి, ఏ దారిలో వెళితే ఏం వస్తుంది, ఏం పోతుంది అని చూద్దాం.

ముందు రెండు ప్రశ్నలు

వేరేవాళ్ల క్లిప్ వాడే ప్రతి వీడియోకూ రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. మొదటిది చట్టం అడిగేది: ఈ క్లిప్ ఎవరిది, వాడుకోవడానికి నీకు హక్కు ఉందా? 1957 నాటి కాపీరైట్ చట్టం చూసేది దీన్నే. రెండోది యూట్యూబ్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అడిగేది: ఇందులో నువ్వు కొత్తగా చేసింది ఏమిటి? మనవాళ్లు పొరపడేది ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్ల. తీసినవాళ్ల దగ్గర అనుమతి తెచ్చుకున్నాం కాబట్టి ఇక మానిటైజేషన్, అంటే వీడియోల మీద యాడ్స్ డబ్బు, వచ్చేస్తుందని అనుకుంటారు. రాదు. ఇతరుల కంటెంట్‌ను తిరిగి వాడటం గురించి యూట్యూబ్ రాసుకున్న నిబంధన కాపీరైట్‌తో సంబంధం లేకుండా విడిగా పనిచేస్తుంది. యజమాని సరేనన్నా, ఇది మాదంటూ ఎవరి నుంచీ ఒక్క క్లెయిమ్ కూడా పడకపోయినా, నీ ఛానల్లో నీ శ్రమ కనిపించకపోతే యాడ్స్ ఇవ్వబోమని వాళ్లు సూటిగానే చెబుతున్నారు.

దీనికి ఎదురు కోణం కూడా ఉంది. మీ వ్యాఖ్యానం ఎంత గొప్పదైనా, అందులో వాడిన సినిమా ముక్క యజమాని ఊరుకుంటాడన్న హామీ లేదు. సొంతదనం వేరు, హక్కు వేరు. ఏ దారి ఎంచుకున్నా రెండు ప్రశ్నలకూ జవాబు చేతిలో ఉండాలి.

లోగో వేసి ఎక్కించేయడం

ఇది అందరికీ తెలిసిన దారి, అన్నిటికంటే నాసిరకం దారి కూడా. క్లిప్ దించుకోవడం, అద్దంలో చూసినట్టు తిప్పడం, స్పీడు కాస్త పెంచడం, చుట్టూ రంగు బోర్డరు కట్టడం, గొంతు పిచ్ మార్చడం. కింద "క్రెడిట్స్ అసలు ఓనర్‌కే" అని ఒక లైను. ఆ లైను వల్ల చట్టం దగ్గర ఏ రక్షణా రాదు. ఎవరిదో తెలిసి కూడా అడగలేదని మీరే రాసిచ్చినట్టు అవుతుంది, అంతే.

2007లో యూట్యూబ్ తెచ్చిన కంటెంట్ ఐడీ వ్యవస్థ, పెద్ద కంపెనీలు ఇచ్చిన సినిమాలు, పాటల నమూనాలతో ప్రతి అప్‌లోడ్‌నూ పోల్చి చూస్తుంది. తిప్పుళ్లు, బోర్డర్లు దాన్ని కొన్నిసార్లు దాటేస్తాయి, నిజమే. కానీ మానిటైజేషన్‌కు అప్లై చేసినప్పుడు మనుషులు కూర్చుని చూస్తారు. ఛానల్ ప్రధానంగా దేని గురించి, ఎక్కువమంది చూసిన వీడియోలు ఏవి, కొత్తగా పెట్టినవి ఏవి అని పరిశీలిస్తారు. 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్, లేదంటే 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ దాకా చెమటోడ్చి తెచ్చుకుని, ఆ గుమ్మం దగ్గర "రీయూజ్డ్ కంటెంట్" అన్న మాటతో తిరిగొచ్చిన ఛానళ్లు మన చుట్టుపక్కలే ఉన్నాయి. అప్పుడు పాత వీడియోలన్నీ తీసేసుకుని మళ్లీ మొదటికి రావాలి.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాలోనూ ఇప్పుడు గాలి ఇటే వీస్తోంది. 2024 ఏప్రిల్ చివర్లో ఇన్‌స్టాగ్రామ్ ఒక ప్రకటన చేసింది. 30 రోజుల్లో పదిసార్లో అంతకంటే ఎక్కువసార్లో ఇతరుల కంటెంట్‌ను పెద్దగా మార్చకుండా పెట్టే అకౌంట్లను కొత్తవాళ్లకు చూపించడం ఆపేస్తామని దాని సారాంశం. 2025 జులైలో ఫేస్‌బుక్ ఇంకో అడుగు ముందుకేసింది. ఇతరుల వీడియోలను పదేపదే వాడే అకౌంట్లకు కొంతకాలం సంపాదన ఆపేస్తామని, వాళ్లు పెట్టే ప్రతి పోస్టుకూ రీచ్ తగ్గిస్తామని, అంటే తక్కువమందికి చూపిస్తామని చెప్పింది. ఇక్కడ గమనించాల్సింది "ప్రతి పోస్టుకూ" అన్నది. అరువు క్లిప్‌తో పాటు మీరు ఎండలో నిలబడి తీసిన సొంత వీడియో కూడా మునుగుతుంది. క్లిప్‌లను అతికించడం, మీద మన వాటర్‌మార్క్ వేయడం మార్పు కిందకు రాదని కూడా అదే ప్రకటనలో ఉంది.

తీసుకుని, వివరించి చెప్పడం

ఇక్కడ కాస్త నిదానంగా ఆగాలి, ఎందుకంటే మన జిల్లాల్లో బాగా చేయగలిగిన వాళ్లు ఉన్నది ఈ దారిలోనే. ఆటల పోటీల రీప్లే చూపిస్తూ ఆటగాడు ఏం చేసి గెలిచాడో వివరిస్తే అది అనుమతించే రకమని యూట్యూబ్ తన ఉదాహరణల్లోనే పెట్టింది. దీన్ని బండలాగుడుకు అన్వయించి చూడండి.

వేరే ఛానల్ తీసిన పోటీ వీడియో ఉందనుకుందాం. మామూలుగా అయితే ఎద్దుల జత బండను లాక్కుపోయే రెండు నిమిషాల ముక్కను డీజే పాటతో కలిపి పెడతారు. దాని బదులు ఇలా చేయండి. మొదటి ఎనిమిది సెకన్లు మీరు తెర మీద ఉండి ఒక ప్రశ్న వేయండి: "ఈ జత మొదట్లో అందరికంటే ముందుంది, మలుపు దగ్గర ఎందుకు వెనకబడింది?" తర్వాత ఐదారు సెకన్ల క్లిప్, ఎద్దులు మలుపు తిరిగే చోటు మాత్రమే. అక్కడ ఆపేసి, కాడి మీద గీత గీసి ఎటు వంగిందో చూపించండి. ఇప్పుడు క్లిప్ వదిలేసి మీ ఊళ్లో జత కట్టే రైతు దగ్గరికి వెళ్లండి. మీ ఫోన్‌తో తీసిన షాట్‌లో ఆయన చెప్పాలి: పాలపళ్ల విభాగంలో (పోటీల్లో ఎద్దులను పళ్లను బట్టి విడదీస్తారు) ఎలా ఉంటుంది, ఆరు పళ్లకు వచ్చేసరికి ఏం మారుతుంది, లోపలి వైపు ఎద్దు అలవాటు ఏమిటి అని. మళ్లీ నాలుగు సెకన్ల క్లిప్, ఈసారి నెమ్మదిగా, మీ మాట వినపడుతుండగా. చివర ఎన్ని అడుగులు లాగారో, మొదటి బహుమతి జతతో తేడా ఎంతో తెర మీద వేయండి.

ఒకటిన్నర నిమిషం వీడియోలో అరువు తెచ్చింది పది సెకన్లు. మిగిలినదంతా మీది. ఆ పది సెకన్లు తీసేసినా వీడియోలో విషయం మిగులుతుంది. నేను పెట్టుకునే కొలత అదే. క్లిప్ తీసేస్తే చెప్పడానికి ఏమీ మిగలకపోతే, మీరు చేసింది వివరణ కాదు. ఇంకో చిన్న మాట: కర్రతో ఎద్దులను కొట్టే షాట్లు ఉంటే వదిలేయండి. మూగజీవాలను హింసించే దృశ్యాల మీద ఈ ప్లాట్‌ఫామ్‌లకు విడిగా నిబంధనలు ఉన్నాయి. అది లేకపోయినా నేను వదిలేయమనే చెబుతాను.

ఈ దారికి చట్టంలో కొంత అండ ఉంది. సెక్షన్ 52 కింద విమర్శ లేదా సమీక్ష కోసం, వర్తమాన విషయాలు తెలియజేయడం కోసం, సొంత అవసరానికి, పరిశోధనకు న్యాయమైన మేరకు వాడుకోవచ్చు. "న్యాయమైన మేరకు" అంటే ఎంత అన్నది కోర్టు సందర్భాన్ని బట్టి చూస్తుంది. ఎంత భాగం తీసుకున్నారు, దేనికోసం, అసలు వీడియో చూసేవాళ్లను మీ వీడియో లాగేసుకుంటుందా అన్నవి అక్కడ లెక్కకొస్తాయి. వినోదం కోసం వాడుకోవడం ఆ జాబితాలో లేదని గుర్తుంచుకోండి.

రియాక్షన్ వీడియోలూ ఈ కోవలోవే. కానీ మూలన చిన్న డబ్బాలో కూర్చుని నోరు తెరవడం, తల ఊపడం రియాక్షన్ కాదు. మాట లేని హావభావాలు మాత్రమే ఉంటే అది తిరిగి వాడిన కంటెంటే అని యూట్యూబ్ నిబంధన. మెషిన్ గొంతుతో వికీపీడియా పేరా చదివించి కింద ఎవరివో షాట్లు పరిచే ఛానళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. ఒకే మూసలో వరసగా అచ్చుగుద్దే వీడియోలకు డబ్బు ఇవ్వబోమన్న సంగతిని 2025 జులై 15న యూట్యూబ్ మరింత స్పష్టంగా రాసింది.

అడిగి తీసుకోవడం

మన దగ్గర ఎక్కువ ఫలితం ఇచ్చేది, తక్కువమంది చేసేది ఇది. నెల్లూరులోనో ఒంగోలులోనో డ్రోన్ ఎగరేసేవాళ్లు, పోటీలు తీసేవాళ్లు ఎవరో ఆ పని చేసేవాళ్లకు తెలుసు. ఒక ఫోన్ దూరంలో ఉంటారు. అయినా అడగడానికి మొహమాటం. అడిగితే చాలామంది సంతోషంగా ఇస్తారు, కొందరు కొద్దిగా డబ్బు అడుగుతారు, ఒకరిద్దరు కుదరదంటారు.

నోటిమాట మీద ఆగిపోవద్దు. చట్టప్రకారం లైసెన్స్ రాతపూర్వకంగా ఉండాలి. అందులో ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లని, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న మనవాళ్లు చూసే ఛానల్ అయితే ఈ రెండో ముక్క పట్టించుకోవాల్సిందే. మెసేజ్ ఇలా ఉంటే చాలు:

"అన్నా, మీ ఛానల్లో పెట్టిన పోటీల వీడియోలో 3:10 నుంచి 3:40 వరకు ఉన్న భాగం నా యూట్యూబ్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వీడియోల్లో వాడుకుంటాను. దాని మీద నాకు యాడ్స్ డబ్బు రావచ్చు. వీడియోలోనూ, డిస్క్రిప్షన్‌లోనూ మీ పేరు, లింకు పెడతాను. అన్ని దేశాల్లో కనిపించేలా, మూడేళ్లకు మీ అనుమతి కావాలి. ఈ వీడియో తీసింది మీరేనా, లేక వేరేవాళ్ల దగ్గర తీసుకున్నారా? అందులో పాట ఏదైనా ఉందా? ఇవి కూడా చెప్పండి. సరేనంటే మీ పూర్తి పేరుతో ఒప్పుకుంటున్నానని రిప్లై ఇవ్వండి."

"తీసింది మీరేనా" అన్న ప్రశ్న మాత్రం ఎప్పుడూ వదలకండి. ఆయన కూడా ఎవరి దగ్గరో తెచ్చుకుని ఉంటే ఆయన ఇచ్చే అనుమతికి విలువ లేదు. వాట్సాప్‌లో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ పెట్టి ఉంటే ఇద్దరి దగ్గరా ఏమీ మిగలదు. ఈమెయిల్ మేలు. డబ్బు చేతులు మారితే కాగితం మీద సంతకం ఇంకా మేలు.

అయితే ఒకటి: అనుమతి తెచ్చుకున్న క్లిప్‌ను ఉన్నదున్నట్టు ఎక్కిస్తే మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది కానీ రెండోదానికి దొరకలేదు. దానికి మీ వివరణ కలపాలి. కలిపే ఓపిక లేకపోతే ఇన్‌స్టాగ్రామ్‌లో కొలాబ్ పోస్ట్ అడగండి. ఒకే రీల్ ఇద్దరి పేర్ల మీదా కనిపిస్తుంది, తీసినవాళ్ల గౌరవం తీసినవాళ్లకు దక్కుతుంది, మీ పేజీకీ చూసేవాళ్లు వస్తారు. పండుగలు, జాతర్ల పేజీలకు ఇంతకంటే హాయైన పద్ధతి నాకు కనిపించలేదు.

రీమిక్స్, క్రియేటివ్ కామన్స్

యూట్యూబ్ షార్ట్స్‌లో, ఇన్‌స్టాలో ఇతరుల వీడియోతో మన వీడియో చేసుకోనిచ్చే రీమిక్స్ బటన్ వాడితే అసలు వీడియో లింకు దానంతట అదే వస్తుంది. సరదాకి, ట్రెండ్‌కి, పరిచయాలకి బాగుంటుంది. ఆ అనుమతి ఆ ప్లాట్‌ఫామ్ గోడల లోపలికే. రీమిక్స్ చేసిన షార్ట్‌ను దించుకుని ఫేస్‌బుక్‌లో ఎక్కిస్తే అది వర్తించదు. దాని మీద ఛానల్ కట్టుకోవాలని మాత్రం చూడకండి.

క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ఉన్న వీడియోలు, అంటే ఎవరైనా వాడుకోవచ్చని యజమానే ముందుగా ఒప్పుకున్నవి, యూట్యూబ్ సెర్చ్ ఫిల్టర్‌లో దొరుకుతాయి. పేరు చెప్పి వాడుకోవచ్చు, డబ్బూ సంపాదించవచ్చు. చిక్కు ఎక్కడంటే, తనది కాని వీడియోకు కూడా ఆ గుర్తు తగిలించేవాళ్లు ఉన్నారు. ఛానల్లో మిగతా వీడియోలు చూడండి. అదే కెమెరా, అదే చేతివాటం కనిపిస్తే నమ్మవచ్చు.

రాకెట్ ప్రయోగాల గురించి చేసేవాళ్లకు ఇక్కడ ఒక మాట. నాసా సొంతంగా తయారుచేసిన ఫుటేజీకి అమెరికాలో సాధారణంగా కాపీరైట్ ఉండదు. అందుకని ఇస్రో ఫుటేజీ కూడా అంతేనని అనుకుంటారు. మన చట్టంలో ప్రభుత్వం తయారుచేసినవాటికి కాపీరైట్ ఉంది, 60 ఏళ్లు ఉంటుంది. ప్రసార సంస్థల హక్కు దానికి అదనం. కానీ శ్రీహరికోట పక్కనే ఉన్న మనకు ఆ ఫుటేజీ కోసం తాపత్రయం ఎందుకు? పులికాట్ సరస్సు రోడ్డు మీద నిలబడినా, రాత్రి ప్రయోగమైతే నెల్లూరులో మేడ ఎక్కినా నిప్పుల గీత కనిపిస్తుంది. చేతి వణుకుతో తీసిన మీ ముప్పై సెకన్లు, వెనక మీ అమ్మ "అదిగో అదిగో" అన్న మాట, దాని మీద మీ వివరణ. హైదరాబాద్‌లో కూర్చుని వీడియో చేసేవాళ్లకు అది దొరకదు. డ్రోన్ ఆలోచన మాత్రం ఆ చుట్టుపక్కల పెట్టుకోవద్దు.

మీ దగ్గరున్నదాన్నే మళ్లీ వాడుకోవడం

సొంత పాత వీడియోలను ముక్కలు చేసి వాడటం ఎవరికీ గుర్తుకురాదు. చేపల పులుసు మీద పన్నెండు నిమిషాల వీడియో చేసిన వంటల ఛానల్ ఉందనుకోండి. అందులో బొమ్మిడాయిలు ఉప్పు వేసి రుద్ది కడగడం ఒక షార్ట్. మామిడికాయ ముక్కలు ఎప్పుడు వేయాలన్నది ఇంకొకటి. పులుసు మర్నాటికే ఎందుకు బాగుంటుందో చెప్పే నలభై సెకన్లు మరొకటి. షార్ట్ ఇప్పుడు మూడు నిమిషాల వరకు ఉండవచ్చు కాబట్టి మధ్యలో కోసేయాల్సిన పనీ లేదు. ప్రతి ముక్కకూ కొత్త మొదటి వాక్యం చెప్పి రికార్డ్ చేయండి, లేకపోతే మధ్యలోంచి ఊడిపడ్డట్టు ఉంటుంది. ఒక యాప్‌లో పెట్టి, దాని వాటర్‌మార్క్‌తో దించుకుని ఇంకోదాంట్లో పెట్టకండి. ఎడిటింగ్ చేసిన అసలు ఫైల్‌నే విడివిడిగా ఎక్కించండి. ఇందులో కాపీరైట్ టెన్షన్ సున్నా. సొంతదనం గురించి అడిగేవాళ్లే ఉండరు.

పాటల సంగతి

వీడియో మొత్తం సొంతమైనా, వెనక డీజేలో మోగిన పాట దెబ్బ తీస్తుంది. ఒక పాటలో సాహిత్యం ఒకరిది, సంగీతం ఒకరిది, రికార్డింగ్ ఇంకొకరిది. మన నెల్లూరు వాళ్లు ప్రాణంలా చూసుకునే బాలు గారికే 2017 మార్చిలో ఇళయరాజా గారి తరఫున లీగల్ నోటీసు వచ్చింది, ఆయన పాటలు అనుమతి లేకుండా వేదికల మీద పాడకూడదని. బాలు గారే ఆ సంగతి ఫేస్‌బుక్‌లో చెప్పుకున్నారు. ఆ పాటలు పాడిన గొంతుకే ఆ మాట ఎదురైనప్పుడు, మన రీల్ కింద వేసుకున్న పాటకు ఏ మినహాయింపు ఉంటుంది?

పెళ్లిళ్లలో పాటలు వేసుకోవడానికి చట్టం సడలింపు ఇచ్చింది, ఊరేగింపుతో సహా. అది ఆ వేడుక వరకే. పెళ్లి వీడియోను స్టూడియో యూట్యూబ్‌లో ఎక్కిస్తే ఆ సడలింపు వెంట రాదు. స్టూడియోలవాళ్లు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. డబ్బులిచ్చి తీయించుకున్న ఫొటోలకు, వీడియోలకు వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. మీ పేజీ ప్రచారానికి వధూవరుల వీడియో పెట్టాలంటే బుకింగ్ రోజే కాగితం మీద ఒక లైను రాయించుకోండి.

పాత సినిమాల పాటలు ఎవరైనా వాడుకోవచ్చన్న నమ్మకం కూడా సగమే నిజం. సినిమాకు, రికార్డింగ్‌కు గడువు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు. 1960లో వచ్చినదానికి 2020 డిసెంబరు 31తో తీరిపోయింది. కానీ సాహిత్యానికి, సంగీతానికి గడువు రాసినవాళ్లు, కట్టినవాళ్లు కాలం చేసిన తర్వాత 60 ఏళ్లు. రికార్డింగ్ స్వేచ్ఛగా దొరికినా మాటలకు యజమాని ఉండవచ్చు. ఇంత తలనొప్పి ఎందుకు? యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో, ఫేస్‌బుక్, ఇన్‌స్టా నడిపే మెటా కంపెనీ సౌండ్ కలెక్షన్‌లో ఉచిత సంగీతం ఉంది. ఒక నాదస్వరం బృందంతోనో డప్పు బృందంతోనో మాట్లాడుకుని, రెండు నిమిషాలు రికార్డ్ చేసుకుంటే ఇంకా మంచిది. వాళ్లకూ నాలుగు డబ్బులు, మీ ఛానల్‌కు ఓ గుర్తింపు.

ఎవరికి ఏది

వార్తల పేజీలకు చట్టం ఇచ్చిన వెసులుబాటు ఎక్కువే, ఆచరణలో అంత సాయపడదు. 2021 నవంబరులో పెన్నా వరద వచ్చినప్పుడు వాట్సాప్ క్లిప్‌లు ఎంత తిరిగాయో అందరికీ తెలుసు. అలాంటి క్లిప్ మీద క్లెయిమ్ పడి మీరు అభ్యంతరం చెబితే, అవతలివాళ్లకు జవాబు చెప్పడానికి 30 రోజుల గడువు ఉంటుంది. అప్పటికి వరద తీసి, బురద ఎండి, వార్త పాతబడిపోతుంది. 2025 మేలో మోహక్ మంగల్ అనే యూట్యూబర్, కొన్ని సెకన్ల ఫుటేజీకి ఏఎన్ఐ వార్తాసంస్థ స్ట్రైకులు (వీడియోను తీయించే కాపీరైట్ ఫిర్యాదులు) వేసి లైసెన్స్ కొనమని అడిగిందని ఆరోపించినప్పుడు దేశమంతా దీని మీదే చర్చ నడిచింది. అందుకని వార్తల పేజీలకు నా సలహా: టీవీ ఛానళ్ల, ఏజెన్సీల ఫుటేజీ జోలికి పోకండి. ఊరూరా ఫోన్ ఉన్న మనుషులను తయారుచేసుకోండి. క్లిప్ పంపేవాళ్లను "తీసింది మీరేనా, ఎక్కడ, ఎప్పుడు, మేం వాడుకోవచ్చా" అని అడిగి జవాబు దాచుకోండి. పాత వరద వీడియోను కొత్తదని వేసే పొరపాటు కూడా అదే ప్రశ్నతో తప్పుతుంది.

హోటల్, బట్టల షాపు, నర్సరీ లాంటి వ్యాపారాలకు యాడ్స్ డబ్బు అక్కర్లేదు, షాపుకు మనుషులు రావాలి. మీ దగ్గర తిన్నవాళ్లు పెట్టిన రీల్‌ను దించుకుని ఎక్కించకండి, వాళ్లనే కొలాబ్ అడగండి. ట్రెండింగ్ పాట పెట్టే ముందు ఆగండి. వ్యాపార ప్రచారానికి ఇన్‌స్టాలో ఉన్న సినిమా పాటలన్నీ వాడే హక్కు ఉండదు.

సినిమా సమీక్షలు చేసేవాళ్లు వివరణ దారిలోనే వెళ్లాలి, అదీ తక్కువ క్లిప్‌తో, ఎక్కువ మాటతో. కథంతా చెప్పేస్తూ కింద సినిమా నడిపించడం సమీక్ష కాదు. పండుగల పేజీలకు అనుమతి, కొలాబ్. అక్కడ ఇంకో మర్యాద కూడా పాటించండి: చెరువులో తడిసి నిలబడ్డ ఆడవాళ్లను దగ్గరగా చూపించే షాట్ ఎవరిదైనా వాడకండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లయితే మొదటి కొన్ని నెలలు అరువు క్లిప్ ఒక్కటీ లేకుండా నడపండి. ఛానల్ పరిశీలనకు వెళ్లేటప్పటికి అనుమానపడే సందే ఉండదు.

క్లెయిమ్ వస్తే కంగారు పడకండి. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. కంటెంట్ ఐడీ క్లెయిమ్ వస్తే సాధారణంగా ఆ వీడియో ఆదాయం అవతలివాళ్లకు పోతుంది, లేదా వీడియో ఆగిపోతుంది. ఛానల్‌కు ప్రమాదం లేదు. యూట్యూబ్ స్టూడియోలోనే పాట తీసేయడం, మార్చడం, ఆ ముక్క కోసేయడం కుదురుతుంది. స్ట్రైక్ అంటే యజమాని లీగల్‌గా తీయించినట్టు. 90 రోజుల్లో మూడు పడితే ఛానల్ పోతుంది. నిజంగా మీకు హక్కు ఉంటే వీడియో తిరిగి పెట్టమంటూ కౌంటర్ నోటిఫికేషన్ ఇవ్వవచ్చు, కానీ అది చట్టపరమైన ప్రకటన. మీ పేరు, చిరునామా అవతలివాళ్లకు వెళతాయి. కోపంలో నొక్కే బటన్ కాదది. డబ్బు కోసం తెలిసి చేసిన ఉల్లంఘన కోర్టుదాకా వెళితే సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా దాకా ఉంది.

మీ క్లిప్‌నే ఇంకొకరు ఎత్తుకుపోతే? మెమరీ కార్డులోని అసలు ఫైల్ చెరిపేయకండి, తీసింది మీరేనని చెప్పడానికి అంతకంటే సాక్ష్యం లేదు. ముందు ఆ పేజీవాళ్లకు మెసేజ్ పెట్టి పేరు వేయమనో, కొలాబ్ పెట్టమనో అడగండి. వినకపోతే యూట్యూబ్‌లో ఫిర్యాదు చేసేటప్పుడు వెంటనే తీసేయమని కాకుండా ఏడు రోజుల గడువు ఇచ్చే ఆప్షన్ ఉంటుంది. పక్క ఊరి కుర్రాడు తెలియక పెట్టాడనిపిస్తే అది ఎంచుకోండి. ఆ వారంలో అతనే తీసేస్తే స్ట్రైక్ పడదు. చెప్పినా మళ్లీ మళ్లీ ఎత్తుకుపోయే పేజీ అయితే గడువు ఇవ్వాల్సిన పని లేదు.